చెయ్యి తగలని ముక్క

ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు జగన్నాథానికి చేతులు కడుక్కోవడం ఒక పిచ్చి. పిల్లలు చాటున ఆయన్ని సబ్బు సారు అనేవాళ్లు. అననివ్వండి, పిల్లలు కదా. ఆ చేతులు జీవితంలో ఒక్కసారే తప్పు చేశాయి. దానికి నవ్వడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

దువ్వూరు పురోహితుల ఇంట పుట్టినవాడు. పైచదువు కుదరలేదు. ఒకరికి గాజు గొట్టాలు అందించడంతోనే బతుకంతా సరిపోయింది. అలాంటి మనిషి కంట్లో ఒకనాడు లైబ్రరీ పత్రికలో ఓ వార్త పడింది. ఆస్ట్రేలియాలో పడిన ఉల్కలో అమినో ఆమ్లాలు దొరికాయట. మన కండకూ నెత్తురుకూ మూలమైన పదార్థాలు, ఆకాశం నుంచి ఊడిపడిన రాతిలో! అప్పట్నుంచి ఆయనకు అదే ధ్యాస. అలాంటి రాయి ఒక్కటి దొరికితే, ప్రాణం ఎక్కడ మొదలైందో వెతికేవాళ్లలో తానూ ఒకడవుతాడు. అంతకు మించి ఏమీ అడగలేదు పాపం.

పందొమ్మిది వందల డెబ్బై రెండు వేసవిలో సింహాద్రిపురం దగ్గర వనజమ్మ అనే రైతు చేనిలో నల్లరాయి పడింది. హైదరాబాదులో ఒక ప్రయోగశాలవాళ్లు పరీక్ష చేస్తామన్నారు, మనిషి చెయ్యి తగలని ముక్క తెస్తేనే. చేతి చెమటలోనూ ఆ ఆమ్లాలే ఉంటాయి మరి. జగన్నాథం గాజు సీసా, పట్టకారు, సుత్తి ఒకటికి పదిసార్లు కడిగి మూటగట్టాడు. అటెండరు లాల్ బాషాను వెంటబెట్టుకుని, జమ్మలమడుగు మీదుగా పులివెందుల బస్సెక్కాడు.

వెళ్లేసరికి కొంప మునిగింది. రాయి అప్పటికే దేవుడైపోయింది. ఒళ్లంతా నూనె, పసుపు, కుంకుమ. పక్కింటి ఖమర్‌బీ వేసిన సాంబ్రాణి పొగ. ఇక చెయ్యి తగలకుండా మిగిలింది రాయి నడిమి భాగం ఒక్కటే, పగలగొడితే తప్ప అది దొరకదు.

"పగలగొడతావా?" వనజమ్మ రాయికి అడ్డంగా వచ్చింది. "ఈ గట్టు కిందనే నా పిల్లోన్ని పూడ్చినామప్పా. పేరు గూడా పెట్టలా. వాడుండే తావునే వచ్చి పడింది ఇది. దీన్ని కొట్టనిస్తానా నేను?"

జగన్నాథం బతిమాలలేదు. ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "అమ్మా, ఈ భూమ్మీద మొదటి ప్రాణం ఎట్లా పుట్టిందో ఎవరికీ తెలీదు. దానికి కావలసిన దినుసులు ఇట్లాంటి రాళ్లలోనే వచ్చినాయేమో. లోపల చూస్తే కొంచెమన్నా తెలుస్తుంది."

ఆమె గట్టు మట్టిని చేత్తో నిమిరింది. "అంటే, నా పిల్లోడు యాడ మొదలైనాడో గూడా తెలుస్తాదా?"

"మనమందరమూ యాడ మొదలైనామో తెలుస్తుందమ్మా."

"అట్లయితే నేనే కొడతా. ఇంకొకరు కొడితే నేను చూళ్లేను."

ముక్కను పట్టకారుతో ఎట్లా ఎత్తాలో ఆయన నేర్పించాడు. చెయ్యి తగలకూడదని పదేపదే చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని సుత్తితో కొట్టింది. మెత్తటి రాయి, ఒక్క దెబ్బకే పొడిపొడి అయి నూనె పసుపులో కలిసిపోయింది. ఆ పొడి మీద నడిమి ముక్క ఒక్కటే శుభ్రంగా మిగిలింది, రేగ్గాయంత. వనజమ్మ దాన్ని పట్టకారుతో ఎత్తింది, చెప్పింది చెప్పినట్టే. లాల్ బాషా సీసా మూత తీసి పట్టుకున్నాడు. కానీ ఆమె సీసా వైపు చూడలేదు, జగన్నాథం వైపు తిరిగింది.

"తీసుకోప్పా. నా బిడ్డ, పదిలం."

పసిబిడ్డను అందిస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? ఆయన రెండు చేతులూ వాటంతటవే దోసిలి పట్టాయి. ముక్క అందులో పడింది.

"సార్," అన్నాడు లాల్ బాషా. ఖాళీ సీసాకు మూత పెట్టేశాడు.

జగన్నాథం దోసిలి వైపు చూస్తూ నిలబడిపోయాడు. కన్నీళ్లు ముక్క మీద పడతాయని తల పక్కకు తిప్పుకున్నాడు. ఇంక జాగ్రత్తపడి ఏం లాభం? అయినా తిప్పుకున్నాడు. నోరు మూసుకుని ఆ ముక్కనే పంపొచ్చు. ఆమ్లాలు దొరికేవి కూడా. ఆ మనిషికి ఆ బుద్ధి పుట్టలేదు.

"ఏమైందప్పా?"

"ఇంక తెలీదమ్మా. నా చెయ్యి తగిలింది. మీరు సరిగ్గానే ఇచ్చినారు, నేనే చెడగొట్టినా."

వనజమ్మ పట్టకారు కింద పెట్టింది. ఆయన దోసిలి కింద తన చేతులు ఆనించింది.

"బిడ్డను ఎత్తుకుంటే చెయ్యి తగలదా నాయనా," అంది. "వాన్ని నేను తప్ప ఎవురూ ఎత్తుకోలా. ఇప్పుడు నువ్వు ఎత్తుకున్నావు."