నసీమా గీసిన కిటికీ

చనిపోయిన రోజు ఉదయం కూడా నా భార్య నసీమా కంపాసు పట్టుకుని మా మసీదు కిటికీకి నక్షత్రాల అల్లిక గీసింది. "గీతలు గోడ దగ్గర ఆగినట్టు కనిపిస్తాయండీ, కానీ ఆగవు. అందుకే దేవుడి ఇంటికి ఇవే గీస్తారు" అంది. దాన్ని దాచేపల్లి నాపరాతిలో తానే చెక్కుతానని, రాతిపని చేసే ఆమె తమ్ముడు మస్తాన్ ఆ సాయంత్రం నాకు మాటిచ్చాడు.

ఈ రోజు వెళ్లి చూస్తే కిటికీకి రెడీమేడ్ సిమెంటు పూల జాలీ ఉంది.

"అక్క గీసిన కాగితం ఏదిరా?"

"గచ్చు పాడవకుండా, కలిపిన సిమెంటు మాలు కింద పరిచాం బావా. గాలి వస్తోందిగా, ఇంకేం కావాలి?"

గాలి బాగానే వస్తోంది. వాడిచ్చిన మాట కూడా అందులోనే పోయింది.

మీలో ఎవరికైనా ఆ నక్షత్రాలు గీయడం వస్తే చెప్పండి. ఆమె ముందుగా ఒక వృత్తం గీసేది, నాకు అంతవరకే తెలుసు. రేపు ఉదయం ఆమె కంపాసు తీసి ఆ వృత్తం గీస్తాను.