ఇంజన్ దింపి ఉంచండి

ఎనభైల మొదట్లో ఆదోని బస్టాండు వెనక నాకో కార్ల రిపేరు షెడ్డు ఉండేది. అప్పట్లో నాకో పిచ్చి. ఏ బండికైనా దాని అసలు సామానే వేయాలి, దొరక్కపోతే అచ్చం అట్లాంటిదే చేయించి వేయాలి. దానివల్ల గిరాకీ తగ్గింది, పొగరుబోతునన్న పేరూ వచ్చింది. రెండింటినీ నేను లెక్కచేయలేదు.

కౌతాళంలో ఒక ఆసామి దగ్గర పాత అమెరికా కారు ఉండేది. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజన్. గడ్డివాము పక్కన కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఆ కారును చూసిన రోజే మనసు పారేసుకున్నాను. ఆసామి మాత్రం, "పెట్రోలు ఎవడు పోస్తాడప్పా, డీజిల్ ఇంజన్ పెట్టెయ్" అన్నాడు. ఆ రోజుల్లో పెద్ద కార్లన్నిటికీ పట్టిన గతి అదే. నాకు ఒళ్లు మండింది. బతిమాలాను, పోట్లాడాను. చివరికి ఎండాకాలం దాటేలోపల అసలు ఇంజన్‌తోనే నడిపిస్తానని, లేకపోతే నా చేత్తోనే డీజిల్‌ది పెడతానని మాటిచ్చాను.

ఎమ్మిగనూరులో మగ్గాల సామాను చేసే లేత్ మిషను మనిషి ఒకడు, అరిగిపోయిన బుష్షులు చూసి కొత్తవి చేసిచ్చాడు. సీటు గుడ్డ చారలు చూపిస్తే అక్కడి నేతాయన, "ఇదేం కారప్పా, దుప్పటి కప్పుకుంటాదా" అని నవ్వాడు. నవ్వుతూనే నెల తిరక్కముందే నేసిచ్చాడు. రంగు వెలిసిన తేడా తప్ప ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలియలేదు. ఇంజన్ లోపలి పిస్టన్ రింగులకు మాత్రం బెంగుళూరు పోవలసి వచ్చింది.

పోయేముందు ఇంజన్ బోల్టులన్నీ విప్పేశాను. ఇక పైకెత్తి బయటికి తీయడమే తరువాయి. ఎత్తడానికి నా చెయిన్ పుల్లీ కూడా అక్కడే వదిలాను. చుట్టూ చేరిన ఆసామి జీతగాళ్ల ముందు ఊరుకోక గొప్పలకు పోయాను: "దీన్ని బాయికి పెడితే పూటలో బాయి ఎండిపోతాది."

బెంగుళూరు పాత సామాన్ల బజారులో నాలుగు రోజులు తిరిగాక ఆ రింగులు దొరికాయి. కంపెనీ కాగితం కూడా విప్పనివి. సంతోషం పట్టలేక, వచ్చేలోపు ఒక పని తీరుతుందని ఆసామికి కార్డు రాశాను. "ఇంజన్ దింపి ఉంచండి. సామాన్లతో శుక్రవారం వస్తాను."

మా పనిలో ఇంజన్ దింపడమంటే బండిలోంచి బయటికి తీయడం. సేద్యంలో అట్లా కాదు. ఎండలకు బావిలో నీళ్లు అడుగంటితే, నీళ్లు తోడే ఇంజన్‌ను బావిలోపలి రాతి తిన్నె మీదికి చేరుస్తారు. దానికీ ఇంజన్ దింపడమనే అంటారు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. రాసేటప్పుడు తట్టలేదు, అంతే.

శుక్రవారం పోయి బానెట్ ఎత్తాను. లోపల ఖాళీ. కళ్లంలో చూశాను, కొట్టంలో చూశాను, ఎక్కడా లేదు.

"ఇంజన్ యాడప్పా?"

పెద్ద జీతగాడు మురిసిపోతూ చెప్పాడు. "బాయిలోకి దింపినాం మేస్త్రీ. ఒగ గీత పడనీలేదు."

నాతో పరాచికాలాడుతున్నాడనుకున్నాను. కాదు. నీళ్లు తోడే వాళ్ల ఆయిల్ ఇంజన్ రిపేరుకు పోయి నెలయింది. ఆసామి పత్తి అమ్మడానికి ఆదోనికి పోయాడు. కార్డు పోస్ట్‌మన్ చదివి వినిపించాడు. సామాన్లంటే పైపులనుకున్నారు. పైగా ఈ ఇంజన్ బలం సంగతి నేనే చెప్పి ఉన్నాను కదా.

పరిగెత్తిపోయి బావిలోకి తొంగిచూశాను. రాతి తిన్నె కనబడలేదు. నీళ్లున్నాయి.

"మొన్న కాలవకు నీళ్లిడిసినారు, ఊట లేసింది" అన్నాడు వెనకే వచ్చిన పెద్ద జీతగాడు. "పైకి తీద్దామనుకుంటిమి. మేస్త్రి దింపమన్నాడు, తీస్తే కోప్పడతాడేమోనని ఇడిసిపెడితిమి."

నీళ్లలో మునిగిన ఇంజన్‌ను బతికించవచ్చు. విప్పి, తుడిచి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఆ మాటే పైకి అనుకుంటూ చొక్కా విప్పి దిగాను. మునిగి, చేతులతో తడుముకుంటూ గొలుసు తగిలించాను. కొక్కెం సరిగా పడిందో లేదో ఇంకోసారి చూసుకోవలసింది. చూసుకోలేదు. ఒడ్డుకొచ్చి, "లాగండి, లాగండి" అని అరిచాను. ఇంజన్ నీళ్ల పైకొచ్చి సగం దూరం లేచింది. కొక్కెం జారింది. బావి గోడ రాతికి కొట్టుకుని మళ్లీ నీళ్లలో పడింది. సాయంత్రానికి ఎట్లాగో ఒడ్డుకు చేర్చాము. ఇంజన్ బ్లాకు, ఆ ఇనప దిమ్మె, ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉంది. వేలు పెట్టి తడిమాను. అది అతికేది కాదు.

గీత పడకుండా దింపినవాళ్లు చేతకానివాళ్లు కాదు. పగలగొట్టింది నేను, ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి.

మరుసటి రోజు ఆసామి వచ్చాడు. ఇంజన్ చూసి, భుజం మీది తువ్వాలు తీసి పెద్ద జీతగాడి మీదికి పోయాడు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు, నా పేరెత్తలేదు. నేను అడ్డం పోయాను.

"వాళ్లనేమీ అనొద్దన్నా. వాళ్లు రాసింది రాసినట్టు చేసినారు. నా రాతే బాగలేదు."

ఆయన ఆగిపోయాడు. నా వైపు జాలిగా చూశాడు. తలరాత గురించి అంటున్నాననుకున్నాడు.

"రాతను ఎవరు తప్పిస్తారప్పా" అని నా భుజం తట్టి, డీజిల్ ఇంజన్ ఎప్పుడు తెస్తావని అడిగాడు.