ఈ గ్యాస్‌ను ఎవరైనా ఆపవచ్చు

2000 సంవత్సరం. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బోర్డులు లేని గోడ వెతికినా దొరకని కాలం. నా వయసు అప్పటికి యాభై తొమ్మిది. ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో సిరామిక్స్ విభాగం ఇంజనీరుగా పదవీ విరమణ పొంది, పంజాగుట్టలో కాపురం ఉంటూ, సనత్‌నగర్ పారిశ్రామిక వాడలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని పనిచేస్తున్నాను. ఊరంతా సాఫ్ట్‌వేర్ వైపు పరుగెత్తుతుంటే ఈ వయసులో కొలిమి ముందు కూర్చోవడమేమిటని అడిగినవారికి నేను సమాధానం చెప్పలేదు. కంప్యూటరుకైనా కరెంటు కావాలన్నది చెప్పవలసినంత కొత్త విషయం కాదు.

నేను చేస్తున్నది అధిక ఉష్ణోగ్రత మీద నడిచే ఫ్యూయల్ సెల్. ఇంధనాన్ని మండించకుండా, అందులోని రసాయనిక శక్తిని నేరుగా విద్యుత్తుగా మార్చే సాధనమది. ఇంజను లేదు, పిస్టన్ లేదు, చప్పుడు లేదు. నా సెల్‌లు పింగాణీ జాతి గొట్టాలు. గొట్టం లోపల ఇంధనం, వెలుపల గాలి ప్రవహిస్తాయి. లోపలి పొరను ఆనోడ్ అంటారు, దానిలో నికెల్ ఉంటుంది. 850 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఒక్కొక్క గొట్టం, విద్యుత్ భారం, అంటే లోడ్, మోస్తూ, సుమారు 0.7 వోల్టు ఇస్తుంది. అలాంటి గొట్టాలను వరుసగా కలిపిన కట్టను స్టాక్ అంటారు. మా స్టాక్ సామర్థ్యం ఒక కిలోవాట్. ఇంధనం మామూలు వంటగ్యాస్. దానిని నీటి ఆవిరితో కలిపి హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న వాయువుగా మార్చే భాగం పేరు రిఫార్మర్.

ఈ పనికి పంజాగుట్టలోని ఒక పెట్టుబడి సంస్థ అండగా ఉండేది. గొట్టాలు కాల్చే కొలిమి, వోల్టు కొలిచే మీటర్లు వారివే. వ్యవహారం చూసేవారు మోహన్ గారు, మా కోస్తా వైపు మనిషే, మర్యాదస్తుడు. యంత్రాన్ని వర్క్‌షాపులో కాక, నిజంగా కరెంటు అవసరమున్న చోట నడిపి చూపించాలన్నది నా పట్టుదల. చాలామంది భవన యజమానులు కాదన్నాక, అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణ సంస్థ నడిపే రాజలింగం తన నాలుగంతస్తుల భవనం డాబా మీద చోటిచ్చాడు. సిరిసిల్లలో మరమగ్గాల కుటుంబం ఆయనది. కరెంటు పోతే మగ్గం ఆగడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచి చూసినవాడు. కింద కాలిబాట మీద ఆయన డీజిల్ జనరేటర్ మొదలైతే పాఠం వినబడదు, పక్క జిరాక్స్ షాపువాడితో పొగ గురించి తగాదా. అందుకే ఒప్పుకున్నాడు.

మే నెలలో యంత్రాన్ని డాబా మీద రేకుల షెడ్డులో నిలబెట్టాం. ఒక తరగతి గదిలోని ఫ్యాన్లు, దీపాలు, కొన్ని కంప్యూటర్లు దాని మీద నడిచేవి. వారంలో ఆరు రోజులు నా ఫిట్టర్లు ఖాజా, మరొకతను వంతులవారీగా పక్కనే ఉండేవారు. ఆదివారం మధ్యాహ్నం తరగతులు ముగిశాక మాత్రం సోమవారం పొద్దున దాకా యంత్రం ఒంటరిగా నడవాలి. మనిషి తోడు లేకుండా నడవడం పరీక్షలో భాగం.

తొలి వారాల్లో ఆదివారాలూ మేమే కాపలా ఉన్నాం. జూన్‌లో మొదటిసారి ఒంటరిగా వదిలిన మర్నాడు, సోమవారం, ఖాజా ఫోన్ చేశాడు. "సాబ్, గ్యాస్ ఉంది, రెగ్యులేటర్ ఖుల్లా ఉంది. మిషన్ ఠండా."

నేను వెళ్లి చూశాను. సిలిండర్ నిండుగానే ఉంది. పైపుల్లో లీకు లేదు. మళ్లీ వేడి చేస్తే గొట్టాలు సగం వోల్టు కూడా ఇవ్వలేదు. కొత్త స్టాక్ పెట్టాం. జూలైలో ఒంటరిగా వదిలిన మొదటి ఆదివారమే అదీ పోయింది. మళ్లీ సోమవారమే బయటపడింది, మళ్లీ రెగ్యులేటర్ తెరిచే ఉంది.

రాజలింగం డాబా మీదికి వచ్చి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. "సార్, మా డీజిల్ జనరేటర్ మొండి ఘటం. తన్నినా లేస్తది. మీదేమో మస్తు నాజూకు. ఆదివారం వస్తే సోలిపోతది. ఇంకొక్కపారి చూస్త. గప్పుడు సుత గిట్లనే అయితే దింపుకపోర్రి, ఏమనుకోకుర్రి."

ఆయన మాటలో తప్పు లేదు. ఈ నగరంలో నా యంత్రానికి దొరికిన ఒకే ఒక్క డాబా అది. అక్కడినుంచి దిగితే అది మళ్లీ ఎక్కే చోటు లేదు.

చచ్చిన స్టాక్‌ను సనత్‌నగర్ తీసుకువెళ్లి ఒక గొట్టాన్ని నిలువునా కోశాను. ఆనోడ్ బూడిద రంగులో ఉండాలి, అది నికెల్ రంగు. నాకు కనిపించింది ఆకుపచ్చ. ఆకుపచ్చ నికెల్ ఆక్సైడ్ రంగు. వేడిగా ఉన్న నికెల్‌కు ఇంధనం అందకుండా పోయి, గాలి సోకితే అది ఆక్సైడ్ అవుతుంది. అలా మారేటప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు డెబ్బై శాతం పెరుగుతుంది. పక్కనున్న పింగాణీ పొర అంత సాగదు, పగులుతుంది. అంటే యంత్రం 850 డిగ్రీల దగ్గర ఉండగా ఎవరో గ్యాస్ ఆపారు, చల్లారాక మళ్లీ తెరిచారు. అభిప్రాయాలు ఎన్నైనా ఉండవచ్చు, ఆ రంగు ఇంకోలా రాదు.

ఆదివారం డాబాకు తాళం వేసేది, సోమవారం అందరికంటే ముందు వచ్చి తీసేది ఒకరే. పేరు అనసూయమ్మ. ఆ సంస్థలో ఊడ్చి, తుడిచి, మంచినీళ్లు అందించే ఆయా. పిలిచి అడిగాను. దాచలేదు, తడబడలేదు.

"బంద్ జేసిన సార్. ఇంట్ల వంట అయినంక రెగ్యులేటర్ బంద్ జెయ్యమా? గ్యాసోళ్లు ఏం జెప్పిండ్రు? పొద్దుగాల మళ్ల తీస్త. గదే జేసిన."

"అది నడుస్తున్న యంత్రమమ్మా. నన్నో ఖాజానో అడగాల్సింది కదా?"

"మీరు లేరు, ఖాజా భాయ్ లేడు. పైన గ్యాస్ ఇడిసిపెట్టి, తాళమేసి ఇంటికి పోవాల్నా? పోయి నిద్రవోవాల్నా? కింద పోరగాళ్ల సంచులుంటయి, సర్టిఫికెట్లుంటయి. మీరు ఏమన్న అనుకోర్రి, మళ్ల సుత బంద్ జేస్త."

ఎదురుగా నిలబడిన మనిషి ముప్పై ఏళ్లు పనిచేసిన ఇంజనీరు అన్న జంకు ఆమెకు లేదు. ఉండవలసిన అవసరం కూడా లేదు. సిలిండర్ వచ్చిన ప్రతి ఇంట్లో, పొయ్యి ఆర్పగానే చెయ్యి తనంతట తాను రెగ్యులేటర్ మీదికి పోతుంది. ఆ అలవాటును ఊరికి నేర్పినవారు ఎంతో శ్రమపడి నేర్పారు. దాని వల్ల ఇళ్లు నిలిచాయి.

మరుసటి వారం పంజాగుట్ట ఆఫీసులో మోహన్ గారు నా నివేదిక కోసం ఎదురు చూస్తున్నారు. విషయమంతా విని ఆయన తేలికపడ్డారు. డిజైన్‌లో దోషం లేదు, ఇది వాడకంలో జరిగిన నిర్లక్ష్యం, అలా రాస్తే సంస్థ డైరెక్టర్ల ముందు ప్రాజెక్టు నిలబడుతుంది అన్నారు. రాజలింగంతో మాట్లాడి ఆ ఆయాను మార్పిద్దాం, రెగ్యులేటర్‌కు ఇనుప పెట్టె పెట్టి తాళం వేద్దాం అని కూడా అన్నారు. అప్పటికే బోర్డు రాయించి ఉంచారు. ఎర్ర అక్షరాలతో, 'రెగ్యులేటర్ ముట్టరాదు'.

"అటెండర్ నిర్లక్ష్యం అని ఒక్క వాక్యం మాస్టారూ. మీరు ఊఁ అంటే చాలు, మిగతాది మావాళ్లు టైప్ చేస్తారు."

"ఆవిడ గ్యాస్ కంపెనీ చెప్పిన పని చేసిందండీ. దాన్ని నిర్లక్ష్యమని ఎలా రాస్తాను? రేపు నిజంగానే లీకైతే, మీ ఇనుప పెట్టె తాళంచెవి కోసం ఎవరి ఇంటికి పరుగెత్తాలి?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూడండి, సిలిండర్ కట్టేసేవాళ్ల కోసం ఫ్యూయల్ సెల్ డిజైన్ చేసేవాడు ప్రపంచంలో ఎవడూ లేడు."

"అయితే ప్రపంచంలో ఎవడి సెల్లూ అమీర్‌పేటలో నడవదు. నాది నడవాలి."

కారణం అన్న గడిలో నేను రాసిన వాక్యం ఇది: 'ఇంధనం ఆగితే తనను తాను కాపాడుకునే ఏర్పాటు యంత్రంలో లేదు.' సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాను. అలాంటి వాక్యం మీద ఇక సహాయం కొనసాగించలేమని వారం తిరక్కుండానే కబురు వచ్చింది. కొలిమిని లారీ ఎక్కించి తీసుకుపోయారు. అప్పటికి కాల్చి ఉన్న గొట్టాలతో ఒక్క స్టాక్ మాత్రం కట్టవచ్చు. రెండోది కట్టే దారి మూసుకుపోయింది.

ఆ ఒక్క స్టాక్‌కు ఏం కావాలో నేను కాగితం మీద గీసుకున్నాను. గ్యాస్ ఆగిన క్షణంలో మూడు పనులు జరగాలి. సెల్ మీది భారం తొలగాలి, లేకపోతే సెల్ తన నికెల్‌నే ఇంధనంగా ఖర్చు పెట్టుకుంటుంది. రిఫార్మర్‌కు నీరు ఆగాలి, ఎందుకంటే ఒట్టి ఆవిరి కూడా నికెల్‌ను పాడుచేస్తుంది. ఇక గొట్టాల లోపలికి గాలి చొరబడకుండా వేరే వాయువు ఏదైనా నెమ్మదిగా ప్రవహిస్తూ, ఉష్ణోగ్రత 350 డిగ్రీలకు దిగేదాకా కాపలా కాయాలి. ఆ వాయువు మా వీధిలోనే దొరికింది. సనత్‌నగర్‌లో ఇనుప సామాను నల్లబడకుండా వేడిచేసే షాపుల్లో, నైట్రోజన్‌లో కొద్దిగా హైడ్రోజన్ కలిపిన మిశ్రమం వాడతారు. అది దానంతట మండదు. దానిని ఒక చిన్న సిలిండర్‌లో నింపి యంత్రానికి అమర్చాను.

అసలు చిక్కు ఆ సిలిండర్‌ను తెరిచేదెవరన్నది. కరెంటుతో పనిచేసే వాల్వు వద్దనుకున్నాను. కరెంటు, గ్యాస్ ఒకేసారి పోయే ఊరు మనది. ఖాజా, నేను కలిసి ఒక స్ప్రింగ్ వాల్వు తయారుచేశాం. వంటగ్యాస్ ఒత్తిడి ఉన్నంతసేపు ఆ ఒత్తిడే దానిని మూసి ఉంచుతుంది. ఒత్తిడి పడిపోతే స్ప్రింగ్ దానిని తెరుస్తుంది, అదే కదలికతో నీటిని, భారాన్ని తప్పిస్తుంది. నా పేరున దాఖలైన ఆవిష్కరణల్లో అది మూడోది. మొదటి రెండింటి గురించి మాట్లాడేందుకు పండితులు ఇష్టపడతారు. నాకు ఇష్టమైనది ఇదే.

సెప్టెంబరులో యంత్రం తిరిగి డాబా ఎక్కింది. పరీక్ష సనత్‌నగర్‌లోనే గుట్టుగా చేసుకుందామని, ఉన్నది ఒక్కటే స్టాక్ అని ఖాజా బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. నిందపడ్డ చోటే, అందరి ఎదుటే జరగాలన్నాను. మోహన్ గారికీ కబురు పెట్టాను. యంత్రం ఎలా పోతుందో చూసి, తమ మీటర్లు వెనక్కి పట్టుకుపోవడానికి కావచ్చు, ఆయన వచ్చారు. ఆ రోజు ఆఫీసు నుంచి నాతో తెచ్చుకున్న ఆయన పాత బోర్డును గోడకు తిప్పి, వెనకవైపు నేనే కుంచెతో రాసి షెడ్డుకు తగిలించాను: 'ఈ గ్యాస్‌ను ఎవరైనా, ఎప్పుడైనా ఆపవచ్చు.' మోహన్ గారు దానిని చదివి మీటర్ల వైపు నడిచారు.

పట్టపగలు, కింద తరగతి నడుస్తుండగా, సెల్‌ల సగటు 0.71 వోల్టు చూపుతుండగా, అనసూయమ్మను పిలిచి రెగ్యులేటర్ కట్టేయమన్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి, నావైపు అనుమానంగా చూసింది.

"కరాబైతే మళ్ల నా మీదికి తెస్తరా?"

"కరాబైతే నా పేరు రాస్తాను. మూసెయ్యమ్మా."

"మళ్ల నేను గా దినం గదే కద చెప్పింది, బంద్ జేస్తనని," అని గొణుగుతూ ఆమె రెగ్యులేటర్ తిప్పింది. స్ప్రింగ్ ఠక్కుమంది. సన్నగా బుస వినిపించింది. కింద ఫ్యాన్లు ఒక్క క్షణం తడబడి మామూలు కరెంటు మీదికి మారాయి. యంత్రంలో ఇక చూడడానికి ఏమీ లేదు, ఉష్ణోగ్రత ముల్లు నెమ్మదిగా దిగడం తప్ప. బతికిందో చచ్చిందో తేలేది మళ్లీ వేడెక్కాకనే. మోహన్ గారిని మర్నాడు కూడా రమ్మన్నాను. వచ్చారు.

మర్నాడు 850 డిగ్రీలు అందాక భారం ఎక్కించాం. మీటరు ముందు రాజలింగం, ఖాజా, మోహన్ గారు, చీపురుతో సహా అనసూయమ్మ. ముల్లు లేచి 0.70 దగ్గర నిలిచింది.

"లేచిందిరా బయ్," అన్నాడు రాజలింగం మెల్లగా.

0.71 అని రాసుకోవచ్చు, మీటరు దోషం అంతకన్నా ఎక్కువే ఉంటుంది అన్నారు మోహన్ గారు. మంచి మనసుతోనే అన్నారు. నేను 0.70 అని రాశాను. వెనక్కి ఇవ్వని ఆ 0.01 వోల్టు యంత్రం చెప్పిన నిజం, దానిని మింగే హక్కు నాకు లేదు.

మెట్లు దిగుతూ ఆయన, కొలిమి తిరిగి పంపే మాట డైరెక్టర్ల ముందు ఎత్తుతానన్నారు. ఒకటే చిన్న అభ్యర్థన అట. పాత నివేదికలోని కారణం మార్చి ఇస్తే ఫైలు సాఫీగా నడుస్తుంది. మార్చనన్నాను. కొలిమి రాలేదు. ఆ తరువాతి గొట్టాలు నేను వేరేచోట, వేరేవారి కొలిమిలో, చాలా ఆలస్యంగా కాల్చుకున్నాను. ఆ ఆలస్యానికి నేను ఎన్నడూ చింతించలేదు.

ఆ స్టాక్ రాజలింగం డాబా మీదే, మామూలుగా వయసు మీరి అరిగిపోయేదాకా నడిచింది. ఆదివారాలు అనసూయమ్మ రెగ్యులేటర్ కట్టేసేది, సోమవారం ఖాజా వెలిగించేవాడు. ప్రతిసారీ వోల్టు కాస్త తగ్గేది, రాసేవాళ్లం. ఆమెను ఎవరూ మార్చలేదు, బోర్డునూ మార్చలేదు.

నా తరువాతి డిజైన్లన్నిటికీ మొదటి పరీక్ష ఒకటే. నిండు భారం మీద ఉండగా గ్యాస్ ఆపడం. ఆపే చెయ్యి నాది కాదు, నా ఫిట్టరుది కాదు. ఆ రోజు ఆ గది ఊడ్చేవారు ఎవరైతే వారిది. దానికి సమయం చెప్పను, సైగ చెయ్యను. దానిని తట్టుకోలేనిది ఎంత వోల్టు ఇచ్చినా నా సంతకంతో బయటికి వెళ్లలేదు, ఇక మీదటా వెళ్లదు.