కాలేజీపిల్ల పాకం

అడగకముందే ఇచ్చి, ఇచ్చినదంతా మన తెలివితేటలతోనే సంపాదించుకున్నామని మనం మురిసిపోతుంటే నవ్వి ఊరుకునే ఆ శ్రీరామచంద్రునికి ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆయన దయ లేకపోతే రాయడానికి ఈ చెయ్యి లేదు, చెప్పుకోవడానికి ఈ కథా లేదు. మా ఊరి రామమందిరంలో తాళాలు పట్టడం నేర్చాకే బడిలో పలక పట్టినదాన్ని కాబట్టి, ఆయన పేరు తలవకుండా ఏ మాట మొదలుపెట్టినా నాకు కలం సాగదు.

పోయిన నెలలో పలాసలో ఒక కాలేజీ వాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, చదువుకుంటూనే పర్సనల్ బ్రాండ్ కట్టుకోవడం ఎలా మేడమ్ అని అడిగింది. పాపం, చేతిలో ఫోను పట్టుకుని నా జవాబు వీడియో తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. నేను నాకు తోచిన నాలుగు ముక్కలు చెప్పి వచ్చేశాను గానీ, బస్సు మందస దాటి ఊరు చేరేదాకా ఆ ప్రశ్న నాతోనే కూర్చుని ప్రయాణం చేసింది. నేను చదువుకునే రోజులకు బ్రాండ్ అనే మాట మా ఉద్దానం పల్లెలకు ఇంకా రాలేదు. పేరు నిలబెట్టుకోవడం అనేవాళ్లం. ఆ అమ్మాయికి చెప్పలేకపోయిన సంగతి నా ఈడువాళ్లైన మీకైతే చెప్పగలను, మీకు ఆ రోజుల వాసన తెలుసు కాబట్టి.

తొంభైల చివరలో నేను డిగ్రీలో చేరిన ఏడాదే మా జీడితోట పూత మాడిపోయింది. కొబ్బరి చెట్ల మీద ఇల్లు గడుస్తుంది గానీ నా చదువు గడవదని నాన్నకు అర్థమై, పరీక్షలు ఇంటి దగ్గరుండి కట్టుకోవచ్చులే అని మెల్లగా అనడం మొదలుపెట్టాడు. అప్పుడు మా మేనత్త పొయ్యి ముందు నుంచే ఒక దారి చూపించింది. మా అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చిన మనిషి; ఆవిడ చేసే జీడిపప్పు పాకం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా వెళ్లేది. ఫ్యాక్టరీల్లో గుండు పప్పు ఏరేశాక మిగిలిన బద్దలూ ముక్కలూ పలాసలో చవకగా దొరికేవి. నేను కాలేజీ నుంచి వస్తూ అవి తెచ్చేదాన్ని, అత్త తెల్లవారుజామునే బెల్లం ముదురుపాకం పట్టి వాటిని కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి ముక్కలు కోసేది, నేను బస్సుకు పట్టుకెళ్లేదాన్ని. స్టేషన్ రోడ్డులో మాకు వరసకు మావ అయ్యే ఆయన జీడిపప్పు కొట్టు ఉండేది. ఆయన మా పాకాన్ని ఒక గాజు సీసాలో వేసి మూలన పెట్టాడు. నాన్న ఒప్పుకున్నాడు గానీ ఒక్క మాట గట్టిగా చెప్పాడు: "పేరొత్తే సదువుకో. ఒక్కపాలి పేరు పోయిందంటే మాత్రం పుస్తకాలు కట్టేసి ఇంట్లో కూకుంతావు, ముందే సెప్తన్నాను."

పేరు వచ్చింది. ఎలా వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. పొట్లాలు కట్టి అమ్మాలనుకున్నప్పుడు పైన కాగితం మీద ఏం వెయ్యాలన్న చర్చ వచ్చింది. ఆ రోజుల్లో అగరొత్తుల దగ్గర్నుంచి అప్పడాల దాకా ప్రతిదాని మీదా ఏదో ఒక దేవుడి బొమ్మ ఉండేది; నేనూ కోదండరాముడి బొమ్మే వేయిద్దామనుకున్నాను. అత్త ఒప్పుకోలేదు. "తిన్నోళ్లు ఆ కాయితం ఎక్కడ పారేత్తారే? పలాస ప్లాట్‌ఫారం మీదే కదా. స్వామి మొకం మీద జనం సెప్పులేసుకుని నడవాలేటి?" అంది. ఇంకెవరి పేరు వెయ్యాలి? కొట్లోకి వచ్చేవాళ్లు అప్పటికే "ఆ కాలేజీపిల్ల తెచ్చిన పాకం ఉందా" అని అడుగుతున్నారని మావ చెప్పాడు. తొక్కితే నన్నే తొక్కుతారులే అనుకుని ఆ మాటే అచ్చు వేయించాను. పసుపు కాగితం మీద ఎర్ర అక్షరాలు, పక్కన జడ వేసుకుని పుస్తకాలు పట్టుకున్న ఒక ఆడపిల్ల. ఆ బొమ్మ నాలా లేదు, ప్రెస్సులో దొరికిన అచ్చు అది, అయినా కొన్నాళ్లకు జనం నేనే దానిలా ఉన్నానని అనడం మొదలుపెట్టారు.

కొవ్వొత్తి మంట మీద ప్లాస్టిక్ కవరు మూతి అంటించడం గుర్తుందా మీకు? ఒక్క క్షణం ఆలస్యమైతే చిల్లు, ఒక్క క్షణం తొందరైతే ఊడిపోవడం. నా పరీక్షల చదువంతా ఆ కొవ్వొత్తి ముందే సాగింది. బస్సులో కుర్రాళ్లు నన్ను చూసి "పాకమొచ్చింది, జరగండ్రా, అంటుకుంతాది" అనేవాళ్లు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత వాళ్లే తమ ఇళ్లలో చుట్టాలొస్తే కొని పట్టుకెళ్లేవారు.

ఇంతకూ మా ఇంట్లో ఒక నియమం ఉండేది. చేసినదేదైనా ముందు స్వామికి, ఆ తర్వాతే ఎవరికైనా. నైవేద్యం పెట్టకముందు రుచి చూస్తే అది ఎంగిలి. కాబట్టి అత్త పాకాన్ని కంటితోనే చూసి, నీళ్లలో వేసి వేళ్లతో నొక్కి చూసేదే తప్ప నాలుక మీద వేసుకునేది కాదు. స్వామి కోసమని కొనే బెల్లాన్ని నాన్న కూడా సంతలో గిల్లి నోట్లో వేసుకునేవాడు కాదు. నైవేద్యమయ్యాక మేం తలా ఒక ముక్క తినడం, ఆ తర్వాతే పొట్లాలు బస్సెక్కడం. ఏ తేడా ఉన్నా అక్కడే తెలిసిపోయేది.

మరుసటి ఏడాది భీష్మ ఏకాదశికి మా రామమందిరంలో ఏకాహం పెట్టారు. పొద్దున్న మొదలైన భజన మర్నాడు పొద్దుటిదాకా ఆగకూడదు. మా భజన జట్టుతో పాటు మా ఇంటిల్లిపాదీ కటిక ఉపవాసం. సరిగ్గా అప్పుడే కొట్టు మావ, మూలన ఉన్న నా సీసాను తీసేసి ముందు వరసలో పెడతానని, ఒక బుట్టెడు పొట్లాలు ఏకాదశినాడే కావాలని కబురు పెట్టాడు. ఏడాదిగా ఆ ముందు వరస కోసమే నేను మొక్కుకుంటున్నాను. మామూలుగా కొనే బెల్లం అయిపోతే నాన్న టెక్కలి సంత నుంచి కొత్త బెల్లం తెచ్చాడు, బంగారంలా మెరిసిపోతూ ఉంది. అత్త పాకం పట్టింది, స్వామికి ఒక పళ్లెం మందిరానికి పంపాం, పొట్లాలు బస్సెక్కించాం. ఉపవాసం కాబట్టి ప్రసాదం ఎవరూ ముట్టలేదు. నేను తాళాలు పట్టుకుని జట్టులో నిలబడి, నా సీసా ముందు వరసలో ఉందన్న సంతోషాన్ని కూడా నామంలో కలిపి పాడాను.

ద్వాదశి పొద్దున్న మంగళహారతి అయ్యాక పారణకు ప్రసాదాలు పంచారు. ఊరందరికీ అత్త వరసయ్యే ఒక ముసలావిడ నా పాకం ముక్క నోట్లో వేసుకుని, దవడ కదపడం ఆపి, మందిరమంతా వినబడేలా అడిగింది: "ఒలే గుంటా, స్వామికి పాకమెట్టినావా, పచ్చడెట్టినావా?"

అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వుతూనే ఒక ముక్క తిన్నాను, ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఉప్పు. చవుడు నేలలో పండిన చెరకు బెల్లం అది. రంగుకు లోటుండదు, రుచికి సముద్రమే. కల్లోనైనా అనుమానం రాకుండా మా భక్తే దాన్ని దాచిపెట్టింది. నాన్న నా వైపు చూశాడు. ఆయన అనవలసినది ముందే అనేశాడు కదా.

పలాస బస్సులో ఆ పొద్దున్న నేను చేసినంత ప్రార్థన ఏ ఏకాహంలోనూ చెయ్యలేదు. స్వామీ, ఒక్క పొట్లం కూడా అమ్ముడుపోకుండా చూడు అని వేడుకున్నాను. వ్యాపారం చేసేవాళ్లెవరైనా దేవుణ్ణి అలా అడిగి ఉంటారా? ఆయన ఆ మొర వినలేదు. నేను వెళ్లేసరికి ముందు వరసలో నా సరుకు సగానికి పైగా ఖాళీ, కొట్టు మావ ముఖం వెలిగిపోతోంది. విషయం చెప్పాను. ఆయన ఒక పొట్లం విప్పి చప్పరించి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కాసింత ఉప్పుంది, అయితే ఏటి? కొన్నోళ్లలో సగం మంది రైలెక్కి ఎలిపోయినారు. దిగొచ్చి అడుగుతారేటి? నోరు మూసుకుని కాలేజీకి ఎల్లమ్మీ."

మిగిలినవి ఇచ్చెయ్యమన్నాను. ఇస్తానన్నాడు. కొన్నవాళ్లకు తెలిసేలా బయట రాసిపెడతానన్నాను. అప్పుడాయనకు నిజంగా కోపం వచ్చింది. "నీ సరుకు బాగోలేదని నా కొట్టు ముందర రాత్తే, నా కొట్టు బాగోలేదని రాసినట్టు కాదేటి? పక్కోళ్లు పండగ సేసుకుంతారు. మీ నాన్నకు తెలిత్తే నీ సదువు ఆగిపోతాది, అదైనా గేనముందా?"

ఉంది. ఆ ఒక్కటే జ్ఞాపకం ఉంది. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదని ఇప్పటికీ నమ్ముతాను. "ఆ కాయితం మీద స్వామి పేరేసుంటే ఆయనే సూసుకునేవోడు మావా. నా పేరేసుకున్నాను. నానే సూసుకోవాల" అన్నాను.

ఆయన కూర్చున్న చోటి నుంచి లేచాడు. తర్వాత లోపలికి వెళ్లి, రోజూ జీడిపప్పు ధర రాసిపెట్టే నల్లబల్ల తెచ్చి, తడిగుడ్డతో ఆ ధర తుడిచేసి, సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. నిన్న ఇక్కడ కొన్న కాలేజీపిల్ల పాకం ఉప్పగా ఉంది, తెచ్చి మార్చుకోండి అని రాసి, మార్చి ఇవ్వడానికి సీసా అడుగున మిగిలిన పాత పాకం దగ్గర పెట్టుకుని, ఆ బల్ల పక్కనే సాయంత్రం దాకా నిలబడ్డాను. నా కాలేజీవాళ్లంతా ఆ దారినే వెళ్లారు, చూశారు, చూసి తల తిప్పుకున్నారు. సగం తిన్న పొట్లాలు తెచ్చి, తిట్టి మరీ మార్చుకున్నవాళ్లున్నారు. ఖాళీ కాగితాలు తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఆటోవాళ్లలో ఒకతను, "మాకు ఉప్పగా నేదప్పా, ఇంకో రెండియ్యి, మళ్లీ సూసి సెప్తాం" అన్నాడు. సాయంత్రం నాన్న వచ్చాడు. బల్ల మీద రాసింది మెల్లగా కూడబలుక్కుని చదివాడు. పుస్తకాల మాట ఎత్తకుండా, మిగిలిన బుట్ట భుజానికెత్తుకుని, బస్సుకు టైమైంది పదమన్నాడు. ఆ ఉప్పుపాకం అంతా మా ఎడ్లు ఎంతో ఇష్టంగా తిన్నాయి. ఆ పాకానికి వంక పెట్టనివి ఆ రెండే.

ఆ వారమే మా భజన గురువు తాత మమ్మల్ని కూర్చోబెట్టి ధర్మసందేహం తీర్చాడు. అడవిలో స్వామి కోసం పళ్లు కొరికి చూసి పెట్టిన ముసలమ్మ లేదా అని నేను వాదించబోతే, "ఆయమ్మంత బక్తి వొచ్చిన్నాడు నువ్వూ కొరుకు. ఈలోగా ముందు ఓ సిన్న గిన్నెడు వొండు, స్వామికెట్టు, పెసాదం తిను, బాగుంతేనే పెద్ద కళాయి పొయ్యెక్కించు" అన్నాడు. ఎంగిలీ కాదు, పొరపాటూ లేదు. ముందు స్వామి, తర్వాత మేం, ఆ తర్వాతే లోకం. దాన్ని మేం ముందుగిన్నె అనేవాళ్లం. ఇప్పటికీ మా షెడ్డులో ఆ గిన్నె దిగి, హారతి అయ్యి, మేం తిన్నాకే పెద్ద పొయ్యిలు వెలుగుతాయి.

గర్వంగానే చెప్పుకుంటాను, స్వామి క్షమించాలి. ఆ నల్లబల్ల చూసినవాళ్లు ఊరికే ఉండలేదు. తన సరుకు బాగోలేదని తానే చెప్పిన పిల్ల ఎవరో చూద్దామని మర్నాడు వచ్చారు, చూడ్డానికి వచ్చినందుకు ఒక పొట్లం కొన్నారు. నా సీసా ముందు వరస నుంచి మళ్లీ కదల్లేదు. డిగ్రీ పూర్తిచేశాను. పీజీ కూడా పాకం మీదే చదివాను. ఇప్పుడు మా షెడ్డులో మా ఊరి ఆడవాళ్లు, పక్క పల్లెల మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లు కలిసి పనిచేస్తున్నారు. జుట్టు నెరిసిన నన్ను పలాస బజారు ఇంకా కాలేజీపిల్లే అంటుంది.

అత్త లేదు, కొట్టు మావ లేడు, మందిరంలో ఏకాహానికి గొంతులు చాలక మధ్యలో రికార్డు పెడుతున్నారు. ఇప్పుడు మా పాకం ఎవరెవరో ఫోనులో నొక్కితే ఎక్కడెక్కడికో వెళ్తోంది. బాగుంటే ఆ ఫోనులోనే స్టార్లని చుక్కలు పెడతారు, బాగోలేకపోతే డబ్బు దానంతటదే వెనక్కి వెళ్లిపోతుంది. నేను ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు, ఎవరూ నా ముందుకు రానక్కర్లేదు. సౌకర్యమే, కాదనను. కానీ ఎదురుగా నిలబడి తిట్లు తింటే వచ్చిన బలం ఆ చుక్కల్లో నాకు దొరకలేదు.

ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. ఆ ఏకాదశినాడు నా పేరున్న పొట్లం కొని, మద్రాసు వైపో హౌరా వైపో వెళ్లిపోయిన వాళ్లు. వాళ్లకు నేను ఏమీ చెప్పుకోలేదు, ఏమీ మార్చి ఇవ్వలేదు. ప్రతి ద్వాదశినాడూ పారణకు ముందు వాళ్ల కోసం ఒక నామం చెబుతాను. చదివిన మీరు కూడా, మీ ఇంటి దీపం ముందు నిలబడినప్పుడు, నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి: రామా, మా పేరు మీద తప్పు వస్తువు పుచ్చుకుని, మాకు కనబడకుండా వెళ్లిపోయినవాళ్లు ఎక్కడున్నా, వాళ్ల నోరు నువ్వే తీపి చెయ్యి తండ్రీ.