మూత లేని నీళ్ళు

మా మేనత్త గత వారం నిద్రలోనే వెళ్ళిపోయింది. పటమటలో ఆమె చేత ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్ళు, చీవాట్లు తిన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

ఆమె పోయే ముందు రోజు ఉదయం కూడా మామూలుగానే గడిచింది. తమ్ముడికి ఆపరేషన్ అయింది కనుక వాడికి తోడుగా నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. అత్తయ్య లేవగానే వంటింటి లైటు వేసి, గుమ్మంలోనే నిలబడి సింకు కిందికి చూసింది. పాలగిన్నె మూత సరిచేసింది. రాత్రి కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, తమ్ముడి పొట్ట మీది కట్టు విప్పింది.

"మానుతోంది. ఇక దీన్ని చెడగొడితే ఇంట్లో పురుగే చెడగొట్టాలి," అంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది ఆమే. ఒక ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ ఆమె పోరు బొద్దింకలతోనే. పట్టుబట్టి మందు కొట్టించేది. కొన్నాళ్ళు కనబడేవి కావు. ఈలోగా రోగుల బంధువులు మంచం పక్క అరలో క్యారేజీలు, అరటిపళ్ళు, సగం తిన్న బన్నులు దాచేవారు. గోడ సందుల్లోంచి బొద్దింకలు మళ్ళీ దిగేవి.

"బాత్రూం తూములో తిరిగిన కాళ్ళే అన్నం మీదా, కట్టు మీదా తిరుగుతాయి. అవి మోసుకొచ్చేది కంటికి కనబడితే కదమ్మా వీళ్ళు భయపడేది!" అని ఇంటికొచ్చి విసుక్కునేది. మూత లేని గ్లాసు కనిపిస్తే ఎవరిదైనా పారబోసేది. అలాంటి నీళ్ళు తాను గుక్కెడు కూడా తాగేది కాదు.

ఇప్పుడు ఆమె పోయిన గదిలో దీపం పెట్టాం. పక్కన విస్తరాకులో అన్నం, గ్లాసుతో నీళ్ళు. పదో రోజు దాకా ఉండాలి. తమ్ముడి మంచం పక్క గదిలోనే. ఇంటి నిండా చుట్టాలు, సింకు నిండా ఎంగిలి ప్లేట్లు. నిన్న పొద్దున చూస్తే అన్నం మీద బొద్దింకలు! ఒకటి తమ్ముడి గదిలోకి, కట్టుగుడ్డలున్న బల్ల వైపు పరుగెత్తింది. చీపురు ఎత్తాను.

అత్తయ్య తమ్ముడు, మా ఉయ్యూరు బాబాయి, నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టకమ్మాయ్! అక్కయ్యే వచ్చిందేమో."

"అత్తయ్య బొద్దింకై వస్తుందా బాబాయ్?" మంచం మీంచి తమ్ముడు అరిచాడు. "మందు డబ్బా పట్టుకుని వస్తుంది గానీ!"

నవ్వబోతే కుట్లు లాగి పొట్ట పట్టుకున్నాడు. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మైల కాబట్టి పూజగది తలుపు వేసి ఉంది. మనసులోనే రామనామం చెప్పుకున్నా మంట చల్లారలేదు. జన్మంతా చెప్పి చెప్పి పోయిన మనిషి పేరు మీదే వాటికి విందు పెడుతున్నాం.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకున్నాం. దీపం కదల్చకూడదు, సరే. అన్నం మాత్రం రాత్రిళ్ళు ఉంచకూడదు. తెల్లారాక వండి డాబా గోడ మీద కాకులకు పెట్టాలి. పడుకునే ముందు సింకు ఖాళీ కావాలి. నీళ్ళు ఉండాల్సిందేనన్నాడు బాబాయి. మూత పెట్టి ఉంచుదామన్నాను.

"మూత పెడితే అక్కయ్య ఎలా తాగుతుందమ్మాయ్?"

"పెట్టకపోతే తాగదు బాబాయ్."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, స్టీలు మూత వెతికి, కడిగి, తుడిచి తెచ్చి, తన చేత్తోనే గ్లాసు మీద పెట్టాడు.