కుక్కల బెంగ కనిపెట్టే బాబాయ్

మా బాబాయ్‌కి ఏ కుక్కని చూసినా బెంగ పెట్టుకున్నట్టే కనిపిస్తుంది. పడుకుంటే బెంగ. పడుకోకపోతే మరీ బెంగ. తోక ఊపకపోతే దిగులు, ఊపితే "పాపం, మొహమాటానికి ఊపుతోంది" అంటాడు.

చేసేది వాషింగ్ మెషీన్ల రిపేరు. షాపులో ఫోన్లు తీసేది నేను. ఎవరైనా "డ్రమ్ము తిరగట్లేదమ్మా" అనగానే పక్కనుంచి "కుక్క ఉందేమో అడుగు" అంటాడు. ఉందంటే ముందు ఆ ఇంటికే. నీళ్లు కారి హాలంతా మడుగైనవాళ్లు కూడా, కుక్క లేని పాపానికి, సాయంత్రం దాకా ఆగాల్సిందే.

ఒకసారి ఒక దంతవైద్యుడి ఇంట్లో ముసలికుక్క ఎదురుగా గొంతుకూర్చుని, పావుగంట ముద్దుపేర్లతో పిలిచాడట. అది కన్నెత్తి చూడలేదు.

"బాగా లోతైన బెంగండీ. పిలిచినా పలకట్లేదు."

"దానికి చెవుడు" అన్నాడు డాక్టరు.

బాబాయ్ తగ్గలేదు. "చూశారా? ఒక్క మాటా వినపడకపోతే బెంగ పెట్టుకోదా మరి?"

అన్నిసార్లూ గురి తప్పేవాడు కాదు. ఒకావిడ ఇంట్లో కుక్క కనిపించిందల్లా కొరికేస్తోందట. ఆదివారం ఎవరికో ఇచ్చేస్తామంది. నేను కొత్త బెల్టు అందించడానికి వెళ్లేసరికి, బాబాయ్ మెషీన్ వెనకభాగం విప్పి పక్కన పెట్టేసి, అది కొరికిన సామాన్లు వరసగా పేర్చి చూస్తున్నాడు. బూట్లు, నడుం బెల్టు, కళ్లజోడు డబ్బా, కుర్చీ చెయ్యి.

"ఇవన్నీ ఎవరివమ్మా?"

"మావారివే. ఆ కుర్చీలో కూర్చునేది కూడా ఆయనే."

"మీవి ఒక్కటైనా కొరికిందా?"

ఆవిడ ఆలోచించి, లేదంది.

"సార్ ఈమధ్య ఇంటిపట్టున ఉండట్లేదు కదూ?"

"కొత్త ఉద్యోగం. పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాకే రావడం. మీకెవరు చెప్పారు?"

"ఇదే చెప్పింది" అన్నాడు కుక్క మెడ నిమురుతూ. "ఇది పొగరు కాదమ్మా. ఆయన వాసన వెతుక్కుంటోంది. ఆయన తొడుక్కుని విడిచిన చొక్కా ఒకటి దీని పక్కలో వెయ్యండి. ఆఫీసుకెళ్లే ముందు ఓ అరగంట దీన్ని ఆయన్నే నడిపించమనండి."

"చొక్కా కూడా చింపేస్తే?"

"చొక్కా పోతుంది. కుక్క మిగుల్తుంది."

పదిరోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. కుక్క చొక్కా మీద తలపెట్టుకుని బుద్ధిగా పడుకుంటోందట. ఎవరికీ ఇవ్వట్లేదట. ఆయన కూడా ఓ కిలో తగ్గారట.

"మరి మెషీన్?" అన్నాను.

"అది మాత్రం ఆరోజు నుంచీ కదల్లేదమ్మా."

ఇక మా షాపు వెనకవీధి మూడో అంతస్తులో ఒక రిటైరైన లైబ్రేరియన్ గారు, ఆయనకో తెల్లకుక్క. ముప్ఫయ్యేళ్లు అందర్నీ "ష్" అని నోరుమూయించిన మనిషి. మెషీన్‌లో ఏదో శబ్దం వస్తోందని ప్రతి వారం ఫోన్ చేసేవారు. బాబాయ్ మూడుసార్లు వెళ్లొచ్చాడు. నాలుగోసారి ఆయన్నీ, కుక్కనీ షాపుకే వెంటబెట్టుకొచ్చేశాడు.

"దీనికి బెంగ ముదిరిందండీ. రోజూ పదింటికి తీసుకొచ్చి ఒంటిగంట దాకా ఇక్కడ కూర్చోబెట్టాలి. నాలుగు మొహాలు చూస్తే తేరుకుంటుంది."

"నేను దింపేసి వెళ్లనా?"

"మీరు లేకపోతే ఇంకా బెంగపడదూ? కూర్చోండి."

ఆ మర్నాటినుంచీ నా కుర్చీ ఆయనకి, నాకు స్టూలు. ముప్ఫయ్యేళ్లు దాచుకున్న మాటలన్నీ ఆయన మా మీదకి వదిలారు. కుక్క మాత్రం బిస్కెట్లు తిని, వచ్చినవాళ్లందరితో ఆడి, కౌంటర్ కింద గుర్రుపెట్టేది.

రెండు వారాలు చూసి, ఆయన వెళ్లాక అడిగేశాను.

"బాబాయ్, నిజం చెప్పు. ఆ కుక్కకేం బెంగ? గుండ్రాయిలా ఉంది."

స్క్రూలు ఏరుకుంటూ మెల్లగా అన్నాడు. "కుక్కకేం లేదే. ఆ మెషీన్‌కీ ఏం లేదు. వెళ్లిన ప్రతిసారీ టీ ఇచ్చి, కప్పు ఖాళీ అవుతుంటే మళ్లీ పోసేవారు. మీరు ఒంటరిగా ఉన్నారండీ అంటే పెద్దమనిషి తలుపేసుకుంటాడు. కుక్కకి బెంగ అంటే చెప్పులేసుకుని వస్తాడు."

 ఇన్నాళ్లూ ఎన్ని ఇళ్లలో, ఎన్ని కుక్కల పేరు చెప్పి, ఎంతమందికి ఈ మందు వేశాడో.

మర్నాడు బాబాయ్ పని మీద బయటికెళ్లాడు. లైబ్రేరియన్ గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, మీ బాబాయ్‌తో అనకు. మా కుక్క నిక్షేపంలా ఉంది. ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు."

"మరి రోజూ ఎందుకొస్తున్నారండీ?"

"ఎందుకేమిటమ్మా. పాపం, ఆయనకి మాట్లాడ్డానికి కుక్కలు తప్ప ఎవరూ ఉన్నట్టు లేరు. పోనీలే, ఓ పూట తోడుగా ఉందామని."