గన్ లేని వాల్వు

నేను పనిచేసే వాల్వుల కార్ఖానా గుండ్లపోచంపల్లిలో ఉంది. ఇనుము గురించి నాకు తెలిసిందల్లా అది బరువుగా ఉంటుందని. బీకామ్‌లో అంతకు మించి చెప్పలేదు. అయినా విదేశాలకు సరుకు పంపే కాగితాల పని నాకే అప్పజెప్పారు. ఇంగ్లీషు మెయిల్ చూసి కూడా కుర్చీలోంచి లేచి పారిపోని మనిషి అక్కడ నేనొక్కణ్ణే మరి.

ఓనరు మేడ్చల్ మనిషి. అందరం అన్నా అంటాం. గల్ఫ్‌లో ఒక వెనిగర్ ఫ్యాక్టరీ ఆయన వాల్వులు కావాలంది. సముద్రం దాటబోతున్న మొదటి ఆర్డరు అదే. వాల్వులకు రంగు ఆరకముందే ఆయన కార్ఖానా బోర్డు మీద "ఎక్స్‌పోర్టర్స్" అని రాయించేశాడు. ఇక ఆ మాటను నిజం చేసే బాధ్యత నా మీద పడింది.

సరుకు రెండు రకాలు. నీళ్ల పైపులకు గన్‌మెటల్ వాల్వులు, వెనిగర్ పారే పైపులకు లోపల టెఫ్లాన్ పూత వేసినవి. కాగితాలు చూసి, ఓడరేవు పనులు చూసిపెట్టే పేట్ బషీరాబాద్ ఏజెంటు ఫోన్ చేశాడు.

"సార్, గన్ అని రాసిన్రేంది? తుపాకులు గిట్ల పంపుతున్నరా?"

గన్‌మెటల్ ఒక లోహం పేరనీ, ఎప్పుడో దానితో ఫిరంగులు పోసేవారు కాబట్టి ఆ పేరొచ్చిందనీ, ఇప్పుడు దాంతో కుళాయిలు చేస్తున్నారనీ చెప్పాను.

"గట్లనా. అయితే గది పోతది. టెఫ్లాన్‌దే పోదు."

"టెఫ్లానా? అది దోసెల పెనం మీద ఉండేదేనండీ!"

"గదే సార్ పరేషాన్."

దేశభద్రత కోసం ప్రభుత్వం పెట్టిన జాబితా ఒకటుందట. దాని పేరు స్కోమెట్. అందులో ఉన్న వస్తువు దేశం దాటాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. యాసిడ్‌కు తట్టుకునే పూత ఉన్న వాల్వు, ఒక సైజు దాటితే, అందులో ఉంది. వెనిగర్ పారే దారిలో విషవాయువు తయారుచేసే రసాయనాలూ పారగలవని వాళ్ల లెక్క. ఫిరంగుల లోహానికి దారి ఇచ్చి దోసెల పెనాన్ని ఆపడంలో ఏదో తర్కం ఉండే ఉంటుంది. నేను భోజనం దాకా దాన్ని వెతికాను.

అన్నకు చెప్పాను.

"స్కోమెట్ ఏంది? హెల్మెట్ లెక్కనా?"

"దాదాపు అంతే అన్నా. లేకుండా బయటికెళ్తే పట్టుకుంటారు."

ఏజెంటు మళ్లీ ఫోన్ చేసి ఒక ఉపాయం చెప్పాడు. వంటసామాను అని రాస్తే జల్దీ పోతుందట. అన్న ఫోన్ లాక్కున్నాడు.

"నువ్వు సల్లగుండ! ఇప్పుడిప్పుడే ఎక్స్‌పోర్టర్ అయితున్న. స్మగ్లర్ అని బోర్డు మార్పియ్యాల్నా?"

సరే, అనుమతికి దరఖాస్తు పెట్టాం. అందులో "ఎండ్ యూజర్" ఎవరో చెప్పమన్నారు. చివరికి వాడేది ఎవరని అన్నను అడిగాను.

"చివరికంటే? వెనిగర్ అంటే సిర్కానే. గది ఆఖర్‌కు ఎవలు తింటరు? పచ్చి ఉల్లిగడ్డ మీద పోసుకునేటోళ్లే గద."

నాకు సబబుగానే తోచింది. ఉల్లిపాయలు తినే ప్రజానీకం అని చక్కటి ఇంగ్లీషులో రాసి పంపాను. ఢిల్లీ దాన్ని తిప్పి పంపింది. ఎక్కడా నవ్విన గుర్తులు లేవు. గల్ఫ్ ఫ్యాక్టరీ వాళ్లే, ఈ వాల్వులను వెనిగర్‌కు తప్ప దేనికీ వాడబోమనీ, వేరొకరికి ఇవ్వబోమనీ రాసివ్వాలట. వాళ్లు రాసిచ్చారు. మళ్లీ పంపి కూర్చున్నాం.

ఆలోగా అవే టెఫ్లాన్ వాల్వులు శామీర్‌పేట వైపున్న ఒక మందుల కంపెనీకి ట్రాలీ ఆటోలో వెళ్తూనే ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

"గీడ అమ్మితే వాల్వు, సముద్రం దాటితే బాంబా?" అన్నాడు అన్న. చదువుకున్నవాణ్ణి కాబట్టి తల ఊపాను.

తూంకుంటలో మా ఇంట్లో కూడా మనసు కుదుట పడలేదు.

"పెనం వంక అలా చూస్తారేంటండీ? మాడిందా?" అంది మా ఆవిడ.

"ఇది దేశం దాటుతుందా అని."

"ముందు దోసె మీ గొంతు దాటనివ్వండి. చల్లారిపోతోంది."

చివరికి అనుమతి వచ్చింది. లారీకి సరుకు ఎక్కించారు. అన్న మిఠాయి తెప్పిస్తాడనుకున్నాను. ఆయన టెఫ్లాన్ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తమ్మీ, నిజంగ సిర్కానే జేస్తడా వాడు?"

"ఢిల్లీ నమ్మింది కదన్నా."

"ఢిల్లీ అడగకముందు నేను గూడ నమ్మిన. గిన్నిసార్లు అడిగినంక డౌటొస్తాంది."

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అన్నా, పోవాల్నా, ఆగాల్నా?"

నేను సలహా ఇవ్వాల్సిన సమయం అదే. వెళ్లనిమ్మంటే, అక్కడ ఏం జరిగినా అందులో నాకూ వాటా ఉంటుంది. ఆపమంటే, దేని గురించి ఆపమన్నానో నాకే తెలియదు. "రోడ్డు మీద ఎండ బాగా ఉందన్నా" అన్నాను. అన్న ఆ ఫ్యాక్టరీ ఆయనకు ఫోన్ కలిపాడు.

"భాయ్, బురా మత్ మాన్‌నా, తప్పుగ అనుకోకు. బిగించినంక ఒక్క ఫొటో పంపు."

అవతల ఆయన నవ్వి సరేనన్నాడు. లారీ వెళ్లింది.

కొన్ని వారాలకు ఫొటో వచ్చింది. మా వాల్వే, రంగు కూడా చెక్కుచెదరలేదు. దానికి అటొక పైపు, ఇటొక పైపు. రెండూ ఫొటో అంచుదాకా వచ్చి ఆగిపోయాయి. వెనిగర్ డ్రమ్ము గానీ ఉల్లిపాయ గానీ ఎక్కడా లేదు. అన్న రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేశాడు, పక్కకు జరిపాడు, ఇంకా పెద్దది చేశాడు. తెర నిండా బూడిద రంగు పరచుకుంది.

"తమ్మీ, గా పైపు ఏడికి పోతాంది?"

నేను కూడా వంగి చూశాను.